రేసు సైకిలుకు ఇత్తడి అతుకు

పుంగనూరులో మా నాయనది బాడుగ సైకిళ్ల అంగడి. అన్ని సైకిళ్లూ గంటల లెక్కన ఊరంతా తిరిగేవి, ఒక్కటి తప్ప. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి టైర్లు ఉన్న ఆ పాత రేసు సైకిలును, మదనపల్లె వదిలి వెళ్తున్న ఒక డాక్టరు దగ్గర నాయన కొన్నాడు. ఆదివారమైతే దానిమీద మదనపల్లె దాకా పోయి వచ్చేవాడు. ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

తొంభైల మొదట్లో నేను మదనపల్లెలో డిగ్రీ చదివేవాణ్ణి. నాయన బి.కొత్తకోటకు పెళ్లికి పోయిన సందు చూసి దాన్ని తీసుకుపోయాను. స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని కాలేజీకి పోవాలని నా కోరిక. రేసు సైకిలుకు క్యారియర్ ఉండదు కదా, ఇనుప గేట్లు చేసేచోట కరెంటు వెల్డింగుతో ఒకటి పెట్టించాను. రేసు సైకిలు పైపుకు మామూలు సైకిలు పైపులో సగం మందం కూడా లేదు. అక్కడికక్కడే కాలి బొక్క పడింది. సైకిళ్ల అంగడాయన కొడుకు చేయాల్సిన పని కాదది.

నాయన తిట్టలేదు. క్యారియర్ కోసి పారేసి, సైకిలును గోడకు తగిలించాడు. మళ్లీ దాని ఊసెత్తలేదు, ఆదివారాలు మదనపల్లెకు పోనూ లేదు. నన్ను రెండు దెబ్బలు కొట్టి ఉన్నా బాగుండేదనిపించేది.

పదేళ్లకు కుప్పంలో ఉద్యోగం చేస్తూ, ఒకసారి ఇంటికొచ్చినప్పుడు సైకిలును దించి వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సు టాపు మీద వేసుకుపోయాను. కుప్పంలో పైర్లకు మందుకొట్టే పంపులకు ఇత్తడి అతుకులు వేసే పెద్దాయన ఉండేవాడు. పైపును గోరుతో కొట్టి చూశాడు.

"దీనికి కరెంటు వెల్డింగ్ పెట్టించిన మహానుభావుడు యాడుండాడప్పా?"

"మీ ముందరే ఉండాను."

"సరే. ఈసారి సేతులు కట్టుకోని సూస్తా ఉండు."

గ్యాసు మంటతో పైపును మెల్లగా వేడిచేసి, ఇత్తడి కరిగించి బొక్క పూడ్చాడు. తక్కిన పనంతా నాదే. నాలుగు నెలలు సెలవు రోజుల్లో కిరసనాయిలు పోసి తుప్పు వదిలించాను, స్పోకులు మార్చాను, చక్రాల వంకర తీశాను. రంగు వేసేటప్పుడు ఆ అతుకును మాత్రం వదిలేశాను. దాచుకోబుద్ధి కాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కించలేదు, పుంగనూరు దాకా తొక్కుకుంటూనే వచ్చాను. అతుకు చెక్కుచెదరలేదు. లారీల వాళ్లు తల తిప్పి చూస్తుంటే నాకు గర్వం ఆగలేదు.

నాయన అంగట్లోంచి లేచి వచ్చాడు. ముందు చక్రాన్ని జానెడు ఎత్తి వదిలి, చెవి పెట్టి విన్నాడు. బాడుగకిచ్చే ప్రతి సైకిలునూ ఆయన అలాగే పరీక్ష చేస్తాడు. ఎక్కడా గలగల లేదు. తర్వాత అతుకును బొటనవేలితో చాలాసేపు తడిమాడు. పంచె ఎగ్గట్టి, ఎక్కి మదనపల్లె రోడ్డు పట్టాడు.

సాయంత్రానికి తిరిగి వచ్చాడు. అప్పటికి అంగడి ముందు నలుగురు చేరి ఉన్నారు. ఎవరు బాగు చేసినారని టీ అంగడాయన అడిగాడు.

"మావోడే," అన్నాడు నాయన చెమట తుడుచుకుంటూ. "సెడగొట్టిందీ వాడే, బాగు సేసిందీ వాడే."

పదేళ్లలో ఆ సంగతి నాయన నోట రావడం అదే మొదలు. నలుగురిలో అన్నా నాకు సిగ్గేయలేదు, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.