ఐసు ఫ్యాక్టరీలో ఆరు కార్డుల మిషను

దెయ్యాల సంగతి వస్తే నేను ఊరుకునే మనిషిని కాను. రాజాంలో మేము అద్దెకున్న ఇంటి గుమ్మం ముందు ఒకసారి ఎవరో దిష్టి తీసిన నిమ్మకాయలు పడేశారు. పడేసింది ఎవరో తేలేదాకా వీధిలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. తేలాక ఆ నిమ్మకాయలు తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందే పెట్టి వచ్చాను. వాళ్ళు నేటికీ నాతో మాట్లాడరు. నాకూ అవసరం లేదు. పిరికివాడు ఏదో ఊహించుకుని రాశాడని ఎవరూ అనకూడదని ఇది ముందుగా చెబుతున్నాను.

2017 చివర్లో నేను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. స్టాఫ్ రూములో అందరి నోటా బిట్‌కాయిన్ మాటే ఉండేది. బిట్‌కాయిన్‌కి వేరే మిషన్లు కావాలి, అవి నాకు అందేవి కావు. గేముల కోసం వాడే గ్రాఫిక్స్ కార్డులు ఆరు కలిపి నడిపితే వేరే రకం డిజిటల్ నాణేలు వస్తాయని తెలుసుకున్నాను. మిషను పగలూ రాత్రీ ఆగకుండా లెక్కలు చేస్తుంది, అందుకు బదులుగా నాణెంలో కొంత ముక్క ఇస్తారు. దీన్నే మైనింగ్ అంటారు.

కార్డుల కోసం విశాఖపట్నం వెళ్ళాను. "ఆరు కార్డులెందుకండీ, పేకాటకా?" అన్నాడు షాపువాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. ఆ షాపులో కొనకుండా వచ్చేశాను. చివరికి మరో చోట నాలుగు కొత్తవి, రెండు పాతవి దొరికాయి. పాతవాటిలో ఒకదాని ఫ్యాను కొట్టుకునేది. దాని గురించి ఆ షాపుకి రాసిన ఉత్తరాల నకళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. జవాబు రాలేదు.

అల్యూమినియం పట్టీలు కోయించి నేనే స్టాండు కట్టుకున్నాను. కార్డులను వరసగా బిగించి, ఒక్కొక్కదాన్ని కేబులుతో మదర్‌బోర్డుకి కలిపాను. రెండు పవర్ సప్లైలు, ఎదురుగా రెండు టేబుల్ ఫ్యాన్లు. నడిపిన పదో రోజున ఇంట్లో ప్లగ్గు కరిగి గోడ నల్లబడింది. ఇంటి ఓనరు కేకలేశాడు. వైర్లు చూడటానికి వచ్చిన లైన్‌మేన్, "మాస్టారూ, మీ ఇంట్లో ఏటి, ఇటికల బట్టీ పెట్టినారా?" అన్నాడు. అతని మీద కూడా ఫిర్యాదు రాశాను.

మందమైన వైర్లు, మంచి ఎర్తింగు ఉన్న చోటు కావాల్సి వచ్చింది. అప్పుడు మా ఆవిడ పార్వతి వాళ్ళ నాన్న పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది.

అది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. చేపల బోట్లకు ఐసు దిమ్మలు తయారుచేసేవారు. బోట్లు వేరే రేవుకి మళ్ళడంతో మూతపడింది. ఓనరు దూరంగా ఉంటాడు. నీళ్ళ మోటారు కోసం కరెంటు మాత్రం ఉంచాడు. తాళాలు పార్వతి తమ్ముడు పైడిరాజు దగ్గర ఉండేవి.

ఆ ఫ్యాక్టరీలో నేను అంతకు ముందు ఒకే ఒక్కసారి అడుగుపెట్టాను. మా పెళ్ళయిన కొత్తలో. పార్వతి తండ్రి అక్కడ మిషన్ ఆపరేటరు. కంప్రెసర్ నడుస్తుంటే, ఏదో సాయం చేద్దామని ఒక వాల్వు మీద చెయ్యి వేశాను. ఆయన నా చేతి మీద ఒక్కటేశాడు. "ఒరే, సెయ్యి తియ్యరా! తెలీని సోట ఏలెట్టకు" అన్నాడు. ఐసు కోసం తట్టలతో నిలబడిన చేపలమ్మే ఆడవాళ్ళందరూ విన్నారు, నవ్వారు. మా వైపు అల్లుణ్ణి "బాబూ" అని పిలుస్తారు. వయసులో ఎంత పెద్దవాళ్ళయినా "రండి, కూర్చోండి" అంటారు. ఒరే అనరు. కొత్త అల్లుణ్ణి, నలుగురిలో, అసలే అనరు.

ఆ రోజు నుంచి ఏడేళ్ళు నేను ఆ గడప తొక్కలేదు. ఆయన్ని మావ అని పిలవలేదు. ఆయన రెండుసార్లు మా ఇంటికి వస్తే నేను బయటికి వెళ్ళిపోయాను. మిషను కొనడానికి ముందటి ఎండాకాలంలో ఆయన గుండెపోటుతో పోతే పార్వతిని బస్సెక్కించి నేను ఇంట్లోనే ఉన్నాను. పెద్దకర్మకీ వెళ్ళలేదు.

పార్వతి అప్పటినుంచి నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. కలిసి తినడం మానేసింది. ఒక్కసారి మాత్రం అడిగింది. "పోయినోడితో కూడా పంతమేటండీ మీకు? ఆయన పటం ముందు ఒక్కపాలి మావా అని నోరారా అనండి. ఇంకేటీ అడగను." నేను అననన్నాను. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడంతో మా ఇల్లు ఎలా ఉండేదో రాయలేను.

ఇలాంటి పరిస్థితిలో మిషను పెట్టుకుంటానని పైడిరాజుని అడగడానికి నాకు సిగ్గు వేయలేదా అంటే, వేసింది. కానీ వేరే దారి లేదు. అతను మంచివాడు.

"పెట్టుకో బావా, కరెంటు బిల్లు నువ్వు కట్టుకో. గానీ అది నాయిన సోటు. ఓ మాట సెప్పుకొని పెట్టు" అన్నాడు.

"ఎవరికి చెప్పాలి?"

"నాయినకే."

నేను చెప్పలేదు. మార్చిలో ఒక ఆదివారం మిషను తీసుకెళ్ళి, కంప్రెసర్ గదిలో పెట్టి, స్విచ్చి వేసి వచ్చేశాను.

ఊళ్ళో మొదటి గొడవ మైనింగ్ అన్న మాట మీద వచ్చింది. పైడిరాజు ఎవరితోనో మైనింగ్ మిషన్ వచ్చిందన్నాడట. ఆ తీరంలో మైనింగ్ అంటే ఒడ్డున ఇసక తవ్వుకుపోవడమే. మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళకి పెద్ద రాములమ్మ. ఏడేళ్ళ కిందట నవ్విన మొహాల్లో ఆమె మొహం నాకు బాగా గుర్తు.

"మా ఇసక తవ్వీడానికొచ్చినావేటి బావూ?" అంది.

లోపలికి తీసుకెళ్ళి చూపించాను. ఇది కంప్యూటర్ అని, లెక్కలు చేస్తుందని చెప్పాను.

"ఎవులి లెక్కలు?"

"ఎవరివీ కావు."

"ఎవులివీ కాని లెక్కలకి ఇంత గోలేటమ్మా" అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

గోల మాట నిజం. కార్డుల ఫ్యాన్లు, టేబుల్ ఫ్యాన్లు కలిసి ఆ గదిలో ఫోను మోగినా వినపడేది కాదు. పనిచేసేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి. ఈ దూది సంగతి గుర్తుంచుకోండి.

కార్డుల వేడి ఎంతుందో రాజాం నుంచి ఫోన్లో చూసుకునే ఏర్పాటు ఉండేది. నిమిషానికొకసారి ఆరు కార్డుల వేడి ఒక ఫైల్లో నమోదయ్యేది. మామూలుగా డెబ్బై డిగ్రీల దగ్గర ఉండేవి. వారం గడిచాక చూస్తే, రోజూ మధ్యాహ్నం రెండు దాటాక ఆరూ ఒకేసారి పడిపోతున్నాయి. ఇరవైకి, ఒక్కోరోజు పద్దెనిమిదికి. మూడింటికి మళ్ళీ డెబ్బై. ఆ గంటలో మిషను ఆగడం లేదు, లెక్కల వేగం కూడా తగ్గడం లేదు. బయట ఎండ నలభైకి దగ్గరగా ఉంది. పనిచేస్తున్న కార్డు, చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉండటం జరగని పని.

సాఫ్ట్‌వేరు తప్పనుకుని మార్చాను. ఆ తర్వాతి ఆదివారం రెండింటికి అక్కడే కూర్చుని చేత్తో ముట్టుకుని చూశాను. కార్డుల మీద రేకులు చల్లగా ఉన్నాయి. కూజా మీద పట్టినట్టు వాటి మీద చెమ్మ పట్టి ఉంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తుడిస్తే వేళ్ళు తడిశాయి.

పైడిరాజుకి చెప్పాను.  "రెండింటికే నాయిన దిమ్మలు తీసేవోడు బావా. మూడింటికి ఆటోలొచ్చేవి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నన్ను భయపెట్టి మిషను ఖాళీ చేయించాలని చూస్తున్నావా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ నెలాఖరు ఆదివారం. పైడిరాజు శ్రీకాకుళం వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. రెండున్నర అయివుంటుంది. నాలుగో కార్డు కేబులు వదులైందని నేల మీద కూర్చుని బిగిస్తున్నాను. వీపు గుమ్మం వైపు ఉంది. చెవుల్లో దూది ఉంది. నా ఎడమ పక్క, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గ్యాసు నిలవచేసే పాత ఇనుప ట్యాంకు ఉంది. ఐసు తయారీకి వాడే అమోనియా అందులో ఉండేది. మూసేటప్పుడు గ్యాసంతా తీసేశామని ఓనరు అందరికీ చెప్పాడు.

"ఒరే!"

ఒక్కసారే. గుమ్మంలోంచి. మగ గొంతు. ఫ్యాన్ల గోలలో, దూదిలోంచి, శుభ్రంగా వినపడింది.

పని మధ్యలో ఎవరు పిలిచినా నేను లేవను. ఇది నన్ను ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. ప్రిన్సిపాల్ పిలిచినా లేవలేదని నాకు మెమో ఇచ్చారు. బావా అనో, సార్ అనో, బాబూ అనో పిలిచి ఉంటే "ఆగు" అని నా పని నేను చేసుకుంటూ ఉండేవాణ్ణి. కానీ ఆ మాట వినేసరికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని ఒక్క ఊపున లేచి బయటికి వచ్చాను.

గుమ్మంలో ఎవరూ లేరు. ముందున్న ఖాళీ స్థలం దాటి రోడ్డు దాకా వెళ్ళాను. చెవుల్లో దూది తీసేశాను. పాక నీడలో ఆడవాళ్ళు ఎండుచేపలు ఏరుతున్నారు.

"ఎవడ్రా నన్ను ఒరే అన్నది?" అని అరిచాను.

రాములమ్మ తలెత్తి చూసింది. "ఏటి బావూ, ఎండ తగిలినాదేటి? ఇక్కడ మగోడెవుడున్నాడు? ఈ కవళ్ళేటి పిలిసినాయా?" అని చేతిలో చేపను ఎత్తి చూపించింది. అందరూ నవ్వారు.

"నవ్వడం కాదు. ఎవడో పిలిచాడు. ఇటే వచ్చాడు" అంటుండగానే నా వెనక శబ్దమైంది. పేలుడు కాదు. లారీ టైరు గాలి ఒక్కసారి వదిలేసినట్టు. తిరిగి చూస్తే కంప్రెసర్ గది కిటికీల్లోంచి తెల్లగా పొగలా వస్తోంది. కళ్ళు మండాయి. ఊపిరి ఆడలేదు.

రాములమ్మ చీర చెంగు బకెట్లో ముంచి నా మొహాన కప్పి, నా చెయ్యి పట్టుకుంది. "గాలికెదురు పరుగెత్తు! గాలికెదురు!" అంది. చాలా దూరం అలా లాక్కుపోయింది. వాళ్ళంతా ఆ ఫ్యాక్టరీ పక్కన బతికినవాళ్ళు, ఏం చేయాలో వాళ్ళకి తెలుసు. నాకు తెలియదు.

ఫైరింజను వచ్చి సాయంత్రం దాకా నీళ్ళు కొట్టింది. ట్యాంకులో అడుగున గ్యాసు మిగిలే ఉందని, తుప్పు పట్టిన వాల్వు ఊడిపోయిందని చెప్పారు. నేను కూర్చున్న చోటు చూపిస్తే, వాళ్ళలో పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. రెండు ఊపిర్లు పీల్చేవాడివి, అంతే, అన్నాడు. కార్డుల్లో రాగి ఉన్న చోటల్లా నీలంగా తిరిగిపోయింది. ఆరింటిలో ఒక్కటీ మిగలలేదు.

మా కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌కి ఆ ఫైలు చూపించాను. గ్యాసు సన్నగా కారితే చుట్టుపక్కల చల్లబడుతుంది, అదే అయివుంటుందన్నారు. మరి అన్ని వారాలు గదిలో కొంచెమైనా వాసన రావాలి కదా అన్నాను. అమోనియా వాసన తెలియని ముక్కు ఉండదు. రోజూ రెండింటికి మొదలై మూడింటికి ఎందుకు ఆగేదని అడిగాను. ఆయన ఫైలు నా చేతికిచ్చి క్లాసుకి వెళ్ళిపోయారు. పిలుపు గురించి ఆయనకి చెప్పలేదు.

పార్వతికి చెప్పాను. ఎవరో పిలిస్తే బయటికి వచ్చానన్నాను. "ఏమని పిలిసినారు?" అని అడిగింది. ఏదో అరుపు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత చాలా రోజులు ఒకటే ఆలోచన. నన్ను ఆ గదిలోంచి లేపగలిగే మాట ఒక్కటే ఉంది. అది ఎవరికి తెలుసు?

ఆయన సంవత్సరీకానికి పైడిరాజు ఫోన్ చేశాడు. "బావా, వస్తావా?" అన్నాడు, నేను రానని తెలిసి అడిగే గొంతుతో. వెళ్ళాను. పార్వతి బస్సులో నా పక్కనే కూర్చుంది. 

భోజనాల వరసలో నన్ను చివర కూర్చోబెట్టారు. మా అత్తగారు నెయ్యి వేస్తూ నా విస్తరి దగ్గర ఆగింది. రాములమ్మ ఆమెకు అంతా చెప్పేసినట్టుంది.

"ఆ రోజు మిమ్మల్ని పిలిసింది ఎవులు బాబూ?"

వరసలో చేతులన్నీ ఆగిపోయాయి. పార్వతి అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎవరో తెలియదని చెప్పొచ్చు. అది అబద్ధమూ కాదు. నేను చూసింది ఏమీ లేదు, విన్నది ఒక్క మాట. కోర్టులో అడిగితే ఆ గొంతు ఫలానావాళ్ళదని ప్రమాణం చేయలేను.

"మావ" అన్నాను.

అత్తగారు గరిటెతో ఇంకో చుక్క నెయ్యి వేసి ముందుకు వెళ్ళిపోయింది. కాసేపటికి పార్వతి వచ్చి నా పక్కన విస్తరి వేసుకుని కూర్చుంది.

నేను చెప్పింది నిజమేనా అని ఆమె నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు ఈ రోజుకీ తెలియదు.