తూకం బాబాయి క్లచ్ కొన్న రోజు

మా బాబాయి తూచకుండా దేన్నీ నమ్మడు. మనం ఎక్కి నిలబడి బరువు చూసుకునే వెయింగ్ మెషీన్ ఒకటి గుడ్డసంచిలో పెట్టుకుని ఎక్కడికైనా మోసుకెళ్తాడు. చిన్న వస్తువైతే దాన్ని పట్టుకుని ఒకసారి, కింద పెట్టేసి ఒకసారి తనే మెషీన్ ఎక్కి, తేడా తీస్తాడు. పిల్లికీ గొడుగుకీ పార్సెల్‌కీ ఇదే మర్యాద. చుట్టాలు వస్తే భోజనానికి ముందొకసారి, తర్వాత ఒకసారి ఎక్కమనేవాడు. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా భోంచేసే వస్తున్నారు.

ఎం.ఏ.కి నేను రాసిన పరిశోధన వ్యాసం చేతికిస్తే, అట్ట కూడా తిప్పకుండా దాన్ని ఎత్తుకుని మెషీన్ ఎక్కాడు. "కిలోంపావు. బాగా రాశావమ్మా," అన్నాడు. నిజానికి మా గైడ్ అంత కూడా పట్టించుకోలేదు.

అలాంటి మనిషి ఈమధ్య ఒక ఎర్రటి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. బాబాయి దాన్ని నడుపుతుంటే సైకిళ్లు బెల్లు కొట్టి మరీ దాటిపోయేవి. ఈ వయసులో ఈయనకిదేం పోయేకాలమని పిన్ని తలపట్టుకుంది. దానికి ఎర్ర పీడ అని పేరు పెట్టింది.

ఒకప్పుడు ఇంట్లో కారు నడిపింది పిన్నే. ఆవిడ మలుపు తిప్పుతుంటే పక్క సీట్లో బాబాయి కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నిరుడు మెట్ల మీంచి జారిపడి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆ కారు అమ్మేయించింది. డ్రైవింగంటే తనకెప్పుడూ మోజు లేదని చెప్పుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

ఎర్ర పీడకి క్లచ్ పోయింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది, కారు మాత్రం కదలదు, పైగా మాడు వాసన. మెకానిక్ గేర్‌బాక్స్ దించి కొత్త క్లచ్ ఏది వెయ్యమంటారని అడిగాడు. వారాలు గడిచాయి. బాబాయి తేల్చలేదు. తేల్చకపోగా ఇంట్లో ఒక్కొక్కర్నీ కుర్చీలో కూర్చోబెట్టి, మెషీన్ గోడకి ఆనించి, ఎడమ కాలితో నొక్కమన్నాడు. నేను ముప్పై కిలోలు నొక్కాను. పిన్ని పన్నెండు దగ్గర పెదవి కొరుక్కుని ఆగిపోయింది. ఎవరు గెలిచారని అడిగితే, ఇంకా తేలలేదన్నాడు.

పిన్ని ఓపిక అక్కడితో అయిపోయింది. కారు కొనేవాణ్ని వెతికి పట్టుకుంది. "శనివారం సాయంత్రం ఐదింటికి ఆయన్ని తీసుకుని షెడ్డుకొస్తాను. కారు కదిలితే మీది. కదలకపోతే ఆయనది," అని బాబాయికి చెప్పేసింది. బాబాయి తూకాలు మొదలుపెడితే ఫోన్ చెయ్యమని నన్ను కాపలా పంపింది.

శనివారం పొద్దున షెడ్డులో మెకానిక్ బల్ల మీద రెండు క్లచ్‌లు పెట్టాడు. ఒకటి రేసుల్లో వాడేదట, ఉడుంపట్టు పడుతుందట. రెండోది కంపెనీది. పన్నెండు దాటాక చెబితే సాయంత్రానికి బిగించడం తన వల్ల కాదన్నాడు. బాబాయి సంచి విప్పాడు.

"సార్, క్లచ్‌లు కిలోల లెక్కన అమ్మరు."

బాబాయికి క్లచ్ బరువు అక్కర్లేదట. అవి బిగించిన కార్లు కావాలట. షెడ్డులో అలాంటివి రెండున్నాయి. రేసు క్లచ్ ఉన్నదాంట్లో దూరి, క్లచ్ పెడల్ మీద మెషీన్ నిలబెట్టి, దాని మీద కాలు పెట్టి, మెడ వంచి ముల్లు చూస్తూ నొక్కాడు. ఇరవై రెండు. తల అడ్డంగా ఊపాడు. కంపెనీది పదిహేను. మళ్లీ ఊపాడు. గోడ గడియారంలో పదకొండున్నర అయింది.

ఫోన్ మోగింది. "తూస్తున్నారా?" అంది పిన్ని.

"తూస్తున్నారు."

"నాకు తెలుసు," అని పెట్టేసింది.

ఇంకోటి లేదా అని బాబాయి బతిమాలాడు. మెకానిక్ ఇష్టం లేకుండానే మెత్తటి స్ప్రింగున్న రకం ఒకటి ఉందని చెప్పాడు. అది వేస్తే ఈ కారు పరువు పోతుందన్నాడు. రేసులో లాగా దూకిస్తే జారుతుంది, తొందరగా అరుగుతుంది. అది బిగించిన కారు అప్పుడే గేటు దాటుతోంది. బాబాయి సంచి చంకనపెట్టి పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను. లోపలున్న పెద్దాయన ఏదో ప్రమాదం జరిగిందనుకుని దిగిపోయాడు. బాబాయి ఎక్కి నొక్కాడు.

తొమ్మిది.

"ఇదే వెయ్యి," అన్నాడు రొప్పుతూ.

మెకానిక్‌కి మనసొప్పలేదు. "మీ కాలు ఇరవై రెండు కిలోల్ని అవలీలగా నొక్కింది కదా సార్. ఈ మెత్తటిది మీకెందుకు?"

"నా కాలి సంగతి ఎవరడిగారయ్యా?"

నాకు గోడ, కుర్చీ, పెదవి కొరుక్కున్న పిన్ని గుర్తొచ్చారు. ఈసారి నేనే పిన్నికి ఫోన్ చేసి, తేల్చేశారని మాత్రం చెప్పాను.

ఐదుకి ముందే పిన్ని, కొనేవాడు వచ్చేశారు. మెకానిక్ కాళ్లింకా కారు కిందే ఉన్నాయి. కొనేవాడు కారు చుట్టూ తన సొత్తులాగే తిరుగుతున్నాడు. చివరి బోల్టు బిగిసింది. బాబాయి మెషీన్ పెట్టి నొక్కాడు. పదమూడు. మనిషి ముఖం పాలిపోయింది. మెకానిక్ పెడల్ కీలుకి పట్టిన తుప్పు గీకి, గ్రీజు పూసి, మళ్లీ చూడమన్నాడు. బాబాయి చాలా నెమ్మదిగా నొక్కాడు. తొమ్మిదిన్నర.

దిగి, తాళాలు పిన్నికి చాపాడు. "కదిలితే నాదన్నావుగా. కదిలించు."

"నా మోకాలి సంగతి తెలిసే అంటున్నారా?"

"ఇది తొమ్మిదిన్నర. నీది పన్నెండు."

పిన్ని చీర కుచ్చిళ్లు సర్దుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. పెడల్ లోపలికి వెళ్లింది. పెదవి కొరుక్కోలేదు. బాబాయి గబగబా పక్క సీట్లోకి దూరి కళ్లు మూసుకున్నాడు. కారు షెడ్డు దాటింది, వీధి చివర దాకా వెళ్లింది, మలుపులో టైర్లు కీచుమన్నాయి. తిరిగొచ్చి మా ముందు ఆగేసరికి పిన్ని జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"ఏవండీ, మీరు దిగండి," అంది. "డెబ్బై కిలోలు తగ్గితే ఇంకా బాగా పోతుంది."

"డెబ్బై రెండు," అని దిద్ది, బాబాయి సంచి తీసుకుని దిగాడు.

ఎర్ర కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. కొనడానికొచ్చినాయన అటే చూస్తూ, "ఇంతకీ అది మీదా, నాదా అండీ?" అని అడిగాడు.

"ఇద్దరిదీ కాదండీ," అంటూ బాబాయి మెషీన్ తీసి ఆయన ముందు పెట్టాడు. "ఆవిడ ఇప్పట్లో రాదు గానీ, మీరొకసారి ఎక్కండి."