నాలుగు గీతల పిస్టన్

చింతామణిలో మా బావ బండ్ల రిపేరు అంగడి ఖాళీ చేస్తున్నాం. బావ పోయి ఏడాదైంది. అక్క వచ్చి ఒకసారి చూసి, "ఆ గోడ మీదవి మాత్రం నువ్వే దించురా, నాకు చూడబుద్ధి కాదు" అని వెళ్లిపోయింది. గోడ నిండా పిస్టన్లే. మేకుకొకటి చొప్పున కాలినవి, పగిలినవి, బొక్కపడినవి. ప్రతిదాని కిందా పసుపు రంగుతో, కన్నడ అక్షరాల్లో, దాన్ని పాడుచేసిన పుణ్యాత్ముడి పేరు. బావ నోరు ఎంత చెడ్డదైనా రాత మాత్రం ముత్యాల్లా ఉండేది.

ఇరవై ఏళ్ల కిందట నంది కొండ దిగువ బీళ్లలో మట్టి రేసులు జరిగేవి. పాత టూస్ట్రోక్ బండ్లకు ముళ్ల టైర్లు వేసి, మడ్‌గార్డులు ఊడబెరికి ఆదివారమంతా దుమ్ములో ఎగిరేవాళ్లు. సోమవారానికి ఇంజిన్లు మా బావ ముందుకొచ్చేవి. విప్పేది బావ, పక్క గదిలో కొత్త పిస్టన్‌కు సరిపడా సిలిండర్‌ను లోపల తొలిచే బోరింగు పని నాది. బావ పిస్టన్ పట్టుకుని జాతకం చెప్పేవాడు. నెత్తిన బొక్క పడితే గాలి ఎక్కువై పెట్రోలు చాలలేదు. ఒక పక్క మసకగా అరిగితే ఫిల్టర్ లేకుండా దుమ్ము తాగించారు. చుట్టూ గీసుకుపోతే పెట్రోల్లో ఆయిల్ కలపలేదు. నాలుగు చోట్ల మాత్రమే నిలువు గీతలు పడితే, వేడికి ఉబ్బిన పిస్టన్‌కు సిలిండర్లో చోటు చాలలేదు. జాతకం తర్వాత తిట్లు. "నీకు బండెందుకప్పా, ఎద్దును తోలుకో. అదైతే దప్పికైతే అరుస్తాది" అనేవాడు. అంగట్లో అందరూ నవ్వేవాళ్లు, బండి ఓనరు కూడా ఏడవలేక నవ్వేవాడు.

కైవారం నుంచి ఒక రైతు రేసులకు వచ్చేవాడు. పట్టుపురుగులు పెంచేవాడు, నెమ్మదస్తుడు. ఆయిల్‌ను కొలగిన్నెతో కొలిచి మరీ కలిపేవాడు. ఇంజిన్ వేడెక్కిందో లేదో సిలిండర్ మీద అరచెయ్యి పెట్టి చూసుకుని గానీ బయల్దేరేవాడు కాదు. అలాంటివాడి పేరు గోడకెక్కదని నేననుకునేవాడిని. ఒక రేసుకు బెంగుళూరు జట్టువాళ్లు అతణ్ణి చూడడానికే వస్తున్నారని, నచ్చితే తమ బండి ఇస్తారని కబురొచ్చింది. ముందురోజు కొత్త పిస్టన్ తెచ్చి మాకిచ్చాడు. రెండింటికి కరెంటు పోతుంది. "కానీ, కానీ" అని బావ వాకిట్లోంచి తరుముతున్నాడు. బోరింగు చేసిన సిలిండర్ వేడి మీద కాస్త పెద్దదవుతుంది, చల్లారినాకే కొలవాలి. అది నాకు నేర్పింది బావే. ఆ రోజు వేడి మీదే కొలిచాను. బావ చూసి కూడా ఊరుకున్నాడు.

మూడో చుట్టులో ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి అతను ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. మోకాలు నుజ్జయింది. అతణ్ణి జీపెక్కిస్తుండగానే, బెంగుళూరువాళ్ల ముందే, బావ ఇంజిన్ విప్పాడు. పిస్టన్ తిప్పి చూశాడు. నాలుగు గీతలు. నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత వాటి మీద బొటనవేలు పెట్టి, "ఆయిలే పోయలేదు" అన్నాడు.

"పోసినా అన్నా, నా చేత్తో కలిపినా" అని జీపులోంచి అరిచాడు అతను. బెంగుళూరువాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

మర్నాడు అతని భార్య బస్సెక్కి వచ్చింది. క్యాన్లో మిగిలిన పెట్రోలు సీసాలో తెచ్చింది. నా బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు చుక్కలు వేసింది. పెట్రోలు ఆరిపోయాక, బోండాలు కట్టిన కాగితంలా జిడ్డు మరక మిగిలింది. "చూడన్నా, ఆయిలుండాది కదా" అంది. "ఇప్పుడు కలిపి తెచ్చింటావులేమ్మా" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుని వెళ్లింది. సాయంత్రానికి గోడ మీద అతని పేరు ఎండుతోంది.

నిన్న ఆ పిస్టన్ దించుతుండగా ఒక అమ్మాయి స్కూటర్ దిగింది. జెరాక్స్ అంగడి పెట్టుకోవడానికి చోటు చూడాలంది. యాడి పిల్లవమ్మా అని అడిగాను.

"కైవారమప్పా. ఆయిల్ పోయనోని కూతురంటే ఎవురైనా చెప్తారు." ఇంటిపేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ నాయన బాగుండాడా?"

"ఉండాడప్పా. కాలు వంగదు. నేను బండి తీస్తే చాలు, ఆయిల్ మూడుసార్లు చూస్తాడు. పోసినా పోసినా అని శానా ఏండ్లు అంటాండె. ఇప్పుడు, ఆ పొద్దు నేనే మర్చిపోయింటాలే అంటాడు."

పిస్టన్ నా చేతిలోనే ఉంది. నాలుగు గీతలూ వేలికి తగులుతున్నాయి. దాన్ని గోనెసంచిలో వేసి, ఆ పిల్లకు అంగడంతా తిప్పి చూపించాను. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. చల్లారేటప్పుడే సిలిండర్ బిగుసుకుంటుందని మా పనివాళ్లకు తెలుసు.