శుక్రవారం ఫ్లాపీ

అమీర్‌పేటల చదువు వదిలేసినోళ్లందరికీ నేనే సర్దారును. గసొంటి నేను సుత కమాల్ భాయ్‌కి సలాం కొడుత. ఆయన దగ్గితే చచ్చిన కంప్యూటర్ లేచి కూసుంటది.

ఎనభై ఏడుల అందరూ డాస్ అనే కొత్త సిస్టంకు మారిండ్రు. పంజాగుట్ట దుకాణంల భాయ్ దగ్గరున్న పాత మెషీన్‌ను నడిపే సిస్టం ఫ్లాపీలు ఇచ్చుడు కంపెనీ బంద్ చేసింది. గసొంటి మెషీనే సనత్‌నగర్ ఫ్యాక్టరీల మొగిలయ్య దగ్గర ఉండె. ఒకరి ఫ్లాపీ పాడైతే ఇంకొకరిది ఉండాలని, ప్రతి శుక్రవారం మొగిలయ్య వచ్చి కొత్త కాపీ చేసుకపోతుండె. కాపీ చిటికెల అయితుండె, చాయ్ ముచ్చట మాత్రం పొద్దుగూకేదాక. నన్ను, మొగిలయ్యను తీసేస్తే భాయ్ గడప తొక్కేటోడు ఇంకొకడు లేడు.

ఒక శుక్రవారం మొగిలయ్య ఆటోల మెషీనే తెచ్చిండు.

"మా సేటు డాస్ మెషీన్ కొన్నడు భాయ్. దీన్ని ఇప్పి పార్టులు వాడుకో. ఇగ నీకు ఫికర్ లేదు."

"మరి శుక్రవారం కాపీ?"

"రెండు మెషీన్లూ నీ దగ్గరనే ఉన్నయి కద. నువ్వే చేస్కో."

ఆటో ఆగి ఉందని చాయ్ తాగకుండనే పోయిండు.

కొన్నాళ్లకు భాయ్ మెషీన్ ఆగిపోయింది. "జర దగ్గు భాయ్, లేస్తది," అన్న. నవ్వలేదు. పక్కన మొగిలయ్య మెషీన్ నిండా పార్టులే, ఒక్క స్క్రూ సుత ఇప్పలేదు.

"దాన్ని ఇప్పి పార్టులు తీస్కోరాదు భాయ్?" అన్న.

"అది మొగిలయ్యది," అన్నడు భాయ్. "శుక్రవారం వస్తే కాపీ దేనిమీద చేసుకుంటడు?"