లేవకు బిడ్డా

అరవయ్యో దశకం చివరి రోజులు. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. ల్యాబుకు ఆలస్యమవుతోందని వానకు తడిసిన కాలేజీ రాతిమెట్ల మీద పరుగెత్తి, చెప్పు జారి దబ్బున పడ్డాను. చీలమండ విరిగింది. డాక్టరు మోకాలి దాకా పిండికట్టు వేసి, వేలు చూపించి మరీ చెప్పాడు: "కాలు నేలకు ఆనించావా, ఎముక వంకరగా అతుక్కుంటుంది. జీవితమంతా కుంటాల్సిందే." తార్నాకలోని మా అద్దె గది నుంచి క్యాంపసు దాకా పొద్దున్నే చెట్ల కింద నడిచి వెళ్లడమంటే నాకు ప్రాణం. పైగా నాది రోజంతా ల్యాబులో నిలబడే చదువు.

ఆ గదిలో అన్న, నేను ఉండేవాళ్లం. అన్న డ్యూటీకి పోతూ మంచం పక్కన నీళ్ల చెంబు, అన్నం గిన్నె, పుస్తకాలు పెట్టి, "మంచం దిగినవంటే సూడు" అని బెదిరించి పోయేవాడు. ఇక సాయంత్రం దాకా నేనూ, నా కాలూ. దాన్ని దిండు మీదికెత్తి, వేళ్లు కదిలిస్తూ చదువుకునేదాన్ని. లోపల దురద పుడితే గోక్కోవద్దన్నారు గనక కట్టు మీద దరువు వేసేదాన్ని. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండేది.

అంతలో మా సొంతూళ్లో కబురు పాకింది. ఇక చూడండి! కాచిగూడ స్టేషన్లో రైలు దిగి, బస్సెక్కి, చుట్టాలు నన్ను చూడటానికి రావడం మొదలుపెట్టారు. చేతిలో జామపళ్లు, మూటలో సజ్జరొట్టెలు. ప్రేమే, కాదనను. కానీ మా ఇళ్లలో పెద్దవాళ్లు గడపలోకి వస్తే ఆడపిల్ల మంచం మీద ఉండకూడదు. లేచి నిలబడాలి, నీళ్లివ్వాలి, చాయ్ పెట్టాలి. "లేవకు బిడ్డా, లేవకు" అనేవాళ్లు. అంటూనే గుమ్మంలో ఆగి, నేను లేచేదాకా లోపలికి వచ్చేవాళ్లు కాదు. లేస్తే, "గింత నొప్పిలగూడ మర్యాద మర్వలే, బంగారు తల్లి" అని మెటికలు విరిచేవాళ్లు. ఆ మెచ్చుకోలుకు ఉబ్బిపోయి ఒంటికాలి మీద స్టవ్వు దాకా గెంతేదాన్ని. అలసిపోతే రెండో కాలూ ఆనించేదాన్ని.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే కట్టు అడుగు పగిలి ఉంది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఎముక కొంచెం జరిగిందట. సరిచేసి, కొత్త కట్టు వేసి, "మళ్లీ జరిగిందంటే నా చేతుల్లో ఏం లేదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. భయం ఒకవైపు, ఒళ్లుమంట ఒకవైపు.

సరిగ్గా అప్పుడే పెద్దబాపు వచ్చాడు. నాన్నకు అన్న. ఆయన ఎదుట మా నాన్నే కూర్చోడు, ఇక నేనెంత? గొడుగు గోడకు ఆనించి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎట్లున్నది బిడ్డా? లేవకు" అన్నాడు, అందరిలాగే. అందరిలాగే ఆగాడు.

నేను లేవలేదు. మంచంపట్టెను గట్టిగా పట్టుకున్నాను. ఆయన మొహం చూసే ధైర్యం లేక, నా కాలినే చూస్తూ అనేశాను: "లేవ పెద్దబాపూ. లేసి లేసి బొక్క జరిగింది. ఇంకోపాలి జరిగితే ఇగ కుంటుడే. నాకు మంచిగ నడవాలనున్నది."

ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. కుర్చీ ఉన్నా దాన్ని దాటుకుని వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అయ్యో రామా! నేను పైన, ఆయన కింద! కంగారుగా దిగబోయాను. ఆయన కట్టు మీద చెయ్యివేసి ఆపాడు.

"కదలకు. ఇయ్యాల మనింట్ల అందరికన్న పెద్దది నీ కాలే."

ఇంతలో గుమ్మంలోకి మా మేనత్త, మామ వచ్చి ఆగారు. పెద్దబాపు నేల మీంచే కేకేశాడు: "రాండ్రి, లోపలికొచ్చి కూసోండ్రి. పిల్ల లేవది."

వాళ్లు కిక్కురుమనకుండా వచ్చి ఆయన పక్కనే కూర్చున్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆ తర్వాత ఎవరొచ్చినా గుమ్మంలో ఆగలేదు, నేను లేవలేదు. కట్టు విప్పిన రోజు డాక్టరు నడవమన్నాడు. అన్న చెయ్యి వదిలేసి నడిచాను. కాలు తిన్నగా పడింది.