మడిలో ముందే ఉన్న నీళ్లు

నా చిన్నప్పుడు, నిజాంసాగర్ కాలువ నీళ్లు మా పొలం దాకా వచ్చిన ఒక రోజున, మా తాత మొదటిసారి నా చేతికి పార ఇచ్చి చిన్న మడికి నీళ్లు పెట్టమన్నాడు. సంబరంగా గండి కొట్టాను. మడి నిండింది, పొర్లింది, చూస్తుండగానే కట్ట తెగింది. ఆయన గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. నేను రాకముందే పై మడి నుంచి ఆయనే నీళ్లు వదిలిపెట్టాడట.

"నీళ్లది తప్పు గాదు బిడ్డా. మడిల ముందే ఏమున్నదో చూడకుండ ఇడిసినవ్. ఇగ కట్ట ఎయ్యి," అన్నాడు.

మోకాళ్ల దాకా బురదలో దిగి, ఏడుస్తూ కట్ట వేశాను. ఆ పాఠం పొలానికే అనుకున్నాను, పందొమ్మిది వందల తొంభైల దాకా.

మా తమ్ముడికి చిన్నతనం నుంచి మూర్ఛ. రోజూ మాత్ర వేసుకుంటే నిక్షేపంగా ఉండేవాడు. పెళ్లయ్యాక భార్యకు తెలియకుండా ఆ మాత్రలను పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాలో దాచుకున్నాడు. ఫిట్స్ అని తెలిస్తే మనిషి పక్కన కూర్చోవడానికే జంకేవారు. ఇప్పుడు మాత్రం ఏం మారింది గనుక! ఒక చలికాలం వాడికి దగ్గు పట్టుకుంది. దవాఖానలో టీబీ అన్నారు, మందులిచ్చారు. ఇంకేం మందులు వాడుతున్నావని అడిగిన పుణ్యాత్ముడు లేడు. నువ్వే చెప్పరా అని నేను పోరు పెట్టాను.

"గా దవాఖాన నర్సుది మా అత్తగారి ఊరే అన్నా. పొద్దుగాల చెప్తే పొద్దుమీకేసరికి ఊరంత తెలుస్తది," అన్నాడు.

కొన్నాళ్లకే వాడి నడక తూలింది, మాట ముద్దయింది. బాన్సువాడ బస్టాండులో మా చుట్టం ఒకాయన, "ఏంది బావా, పొద్దుగాలనే కల్లు దుకాణం తెరిపించినవా?" అని అందరి ముందు నవ్వాడు. వాడూ నవ్వేశాడు.

ఆ టీబీ మందు ఫిట్స్ మందును ఒంట్లో పేరుకుపోయేలా చేస్తుందట. ముందే చెప్పి ఉంటే రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేసేవాళ్లమని, పెద్ద దవాఖానలో నేను నిలదీస్తే డాక్టరు చెప్పాడు. అప్పటికే అంతా అయిపోయింది. రెండు మందులు పడటం లేదని మా తమ్ముడు ఎవరినీ అడగకుండా ఒకటి మానేశాడు. టీబీ మాత్రలు భార్య ఎదురుగా మింగాలి. కాబట్టి మానేసింది స్టార్టర్ డబ్బాలోవి. మడికి నీళ్లు కట్టబోయి, ఫిట్స్ వచ్చి బోర్లా పడ్డాడు. చీలమండ కూడా మునగని నీళ్లలో ఊపిరాడక పోయాడు.

ఇప్పటికీ మందుల దుకాణం ముందు ఎవరు కనబడ్డా, "ఇంకేం మింగుతున్నవ్ బిడ్డా? డాక్టరుకు చెప్పినవా?" అని అడుగుతాను. ముఖం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. మొన్న ఒక పిల్లగాడు మాత్రలు జేబులో కుక్కుకుని, "నీకెందుకు తాతా?" అన్నాడు. వాడూ ఏ డబ్బాలోనో దాస్తాడు.

అడగడం మానలేదు. మా తాత ఇచ్చినవాటిలో నా దగ్గర మిగిలింది ఆ ప్రశ్న ఒక్కటే. ఆనాటి కట్టనైతే చీకటి పడేలోగా మళ్లీ వేయగలిగాను.