బొట్టు పెట్టిన స్విచ్

మూడేండ్ల కింద ధర్మవరంలో ఒక పట్టుచీరల షాపులో నెట్‌వర్క్ పని చూస్తాంటి. కంప్యూటర్లన్నిటినీ కలిపే మూడు స్విచ్ డబ్బాలు ఒకదానిమీదొకటి పేర్చిపెట్టింటి; మూడూ పైదాని హార్డ్‌వేర్ అడ్రసుతోనే, అంటే కంపెనీ దానికిచ్చిన నంబరుతోనే నడిచేవి. పైది చెడిపోతే రిపేరుకిచ్చి, మిగతా రెంటికీ అదే అడ్రసు ఉంచినా.

"అది తిరిగొస్తే అట్లే తగిలించొద్దు సార్. ఒకే అడ్రసు రెండుచోట్లుంటే అంతా ఆగిపోతాది" అని మేనేజరుకు చెప్పినా.

"వైర్లు లాగేటోడివి, నాకు నేర్పుతావా?" అన్నాడు, షాపంతా వింటాండంగా.

ఆయుధపూజ నాడు రిపేరైన స్విచ్‌కు ఆయనే బొట్టు పెట్టి పై అంతస్తులో తగిలించినాడు. జనం కిటకిటలాడతాంటే కంప్యూటర్లన్నీ నిలిచిపోయినాయి. "ఏమప్పా, తొందరగా రా" అని ఫోన్ చేసినాడు.

నింపాదిగా పోయినా. అందరి ముందర ఆ స్విచ్ చూపించి, "ఈ వైరు మీరే లాగండి సార్" అన్నా. తల దించుకుని లాగినాడు. బిల్లులు మళ్లీ మొదలైనాయి.

పగ మంచిది కాదని మా ఆవిడ అంటాది. ఆ వైరు మాత్రం ఇంకా నా సంచిలోనే ఉండాది.